ముప్పై ఎనిమిదికి బదులు నలభై ఏడు

ఇల్లు, వీధి వైపు గది
జనవరి 31

ఒరేయ్ తమ్ముడూ,

కుశలప్రశ్నలు చివర్లో. నువ్వు నీ చేత్తో బిగించి ఇచ్చిన కంప్యూటరు, మన గున్న, నిన్న పొద్దుటి నుంచి లేవడం లేదు.

దాచడమెందుకు, తప్పు నాదే. మేం కట్టిన కొత్త నడక వంతెన మీద జనం ఒకేసారి అడుగులేస్తే ఎంత ఊగుతుందో లెక్కగట్టి వచ్చే నెల ఇరవయ్యో తేదీకల్లా ఇమ్మన్నారు మా చీఫ్. గున్నకి అప్పగిస్తే ఇరవై ఆరు రోజులు పడుతుందని చూపించింది. నువ్వు అన్నం ముందు కూర్చుని "ప్రతి మెషీన్‌లోనూ దాచిన సత్తువ ఉంటుందక్కా, సెట్టింగుల పేజీలో వేగం అంకె పెంచితే బయటికొస్తుంది" అని గొప్పలు చెప్పేవాడివి కదా, అది గుర్తొచ్చింది. ఆ పేజీ తెరిచాను. నలభై ఏడు అని ఉంది. యాభై చేశాను. మూడే కదా అనుకున్నాను. కొరివితో తల గోక్కున్నాను.

ఇప్పుడు మీట నొక్కితే ఫ్యాన్లు తిరుగుతాయి, నాలుగైదు సెకన్లకి ఆగుతాయి, మళ్ళీ వాటంతటవే తిరుగుతాయి. తెర నల్లగానే ఉంటుంది. మీ బావ చూసి "ఫ్యాన్ తిరుగుతోందిగా, బతికే ఉంది" అన్నాడు. ఆయన దృష్టిలో ఈ ఇంట్లో పాడవగలిగింది ఇస్త్రీపెట్టె ఒక్కటే. రిపేరు షాపాయన పది రోజులు వదిలేసి వెళ్ళమన్నాడు, లోపలున్నవి పోయినా పోవచ్చట. వంతెన నమూనా మొత్తం అందులోనే ఉంది. రెండో కాపీ లేదు. తిట్టదలుచుకుంటే తర్వాత తిట్టు.

నీ కొండ మీద ఫోను పలకదు, రేడియో గాలీవానా లెక్కలకి తప్ప ముట్టుకోనివ్వరు. మంగళ, శుక్రవారాల సరుకుల జీపే నాకు గతి. వెంటనే రాయి.

ఇంకో మాట. ఇరవై ఎనిమిదిన వంతెనకి బరువు పరీక్ష. మా ఆఫీసు ఆచారం నీకు చెప్పాను. పైన ఇసుక బస్తాలు పేరుస్తుంటే, లెక్క కట్టిన మనిషి కింద నిలబడాలి. ఆ మనిషి నిలబడే చోటు తెలిసేలా, సరిగ్గా మధ్యలో రోడ్డు మీద తెల్ల సున్నా గీస్తారు. పదేళ్ళ ఉద్యోగంలో నాకిదే మొదటి సున్నా. సెలవు దొరికితే వచ్చి చూడు.

నీ అక్క


కొండ మీది వాతావరణ కేంద్రం, పరికరాల గది
ఫిబ్రవరి 3

అక్కా,

జీపు డ్రైవరు టీ తాగుతున్నాడు, ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇది ముగించాలి. ముందు భయం మానెయ్. నీ ఫైళ్ళు డిస్కులో నిక్షేపంగా ఉంటాయి. గున్న మోయలేని వేగం నెత్తిన పెట్టావు, అది ఆ అంకెనే గుర్తుపెట్టుకుని ప్రతిసారీ అదే వేగంతో లేవబోయి కూలబడుతోంది. ఆ అంకె మరిపిస్తే చాలు.

వైరు గోడ నుంచి పీకెయ్. పీకాక కూడా మీట ఒక పది సెకన్లు నొక్కిపట్టు, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఉన్ని స్వెట్టరు విప్పి, ఒంటి మీది కరెంటు దిగిపోయేలా ఇనప బీరువాని ఒకసారి ముట్టుకుని అప్పుడు మూత తియ్. పెద్ద పలక మీద నాణెమంత బ్యాటరీ కనిపిస్తుంది. తేదీ, వేగం అన్నీ దాని పుణ్యాన గుర్తుంటాయి. గోటితో కొక్కెం నొక్కితే గెంతి బయటికొస్తుంది. పావుగంట బయటే ఉంచి మళ్ళీ పెట్టు. అప్పటికీ లేవకపోతే, పక్కపక్కనే నిలబెట్టిన రెండు మెమరీ పలకల్లో ఒకటి తీసేసి, ఒకదానితోనే లేపి చూడు. బలవంతంగా ఏదీ లాగకు. వాటంతటవి రావాలి.

లేచాక సెట్టింగులు పోయాయని ఒక పేజీ వస్తుంది. ఎఫ్ వన్ మీట కొట్టి ముందుకెళ్ళిపో. ఆ పేజీలు తిరగెయ్యకు. ఏ అంకే చూడకు, ఏదీ మార్చకు.

అన్నట్టు, వంతెన అసలు లెక్క, అదే కట్టకముందు వేసిన బరువుల లెక్క, ఎక్కడ చేశావు, ఆఫీసు మెషీన్ మీదా, గున్న మీదా? ఊరికే అడుగుతున్నా.

డ్రైవరు గ్లాసు కడుగుతున్నాడు. ఉంటాను.

తమ్ముడు


ఇల్లు, వీధి వైపు గది
ఫిబ్రవరి 5

తమ్ముడూ,

లేచింది! బ్యాటరీ ఒక్కటే తీస్తే లేవలేదు. ఒక మెమరీ పలక కూడా తీశాక, మూడుసార్లు దగ్గినట్టు చప్పుడు చేసి తెర వెలిగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మీ బావ "నేను చెప్పలేదూ" అన్నాడు. ఫైళ్ళన్నీ ఉన్నాయి. మొదటి పనిగా రెండు కాపీలు తీసి ఒకటి బీరువాలో, ఒకటి ఆఫీసులో పెట్టాను. ఇక తిట్టే పని నీకు తప్పింది.

అయితే నువ్వు చూడొద్దన్న పేజీ చూశాను. నువ్వు వద్దన్న పని నేను చెయ్యకుండా ఉన్నది ఎప్పుడు? అందులో వేగం ముప్పై ఎనిమిది అని ఉంది. నేను చెయ్యి పెట్టకముందు నలభై ఏడు ఉండేదని నీకు రాశాను కదా. అన్నీ మరిచిపోతే మొదటి అంకెకి రావాలి. మొదటి అంకె ముప్పై ఎనిమిదైతే, నలభై ఏడు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నువ్వడిగినదానికి జవాబు: అసలు లెక్క గున్న మీదే చేశాను. నువ్వు కొండెక్కిన నెలలోనే. ఆఫీసు మెషీన్ దగ్గర క్యూ ఎక్కువగా ఉండి ఇంట్లో పెట్టుకున్నాను. ఆ అంకెల ప్రకారమే కడ్డీలు కోశారు, బిగించారు. ఎందుకడిగావు?

నీ అక్క


వాతావరణ కేంద్రం
ఫిబ్రవరి 7

అక్కా,

గున్న లేచినందుకు సంతోషం. ఆ అంకెల గురించి బుర్ర పాడుచేసుకోకు. బ్యాటరీ తీసినప్పుడు అటూ ఇటూ అవుతుంటాయి, ఒక్కో పలక ఒక్కోలా చూపిస్తుంది. మెషీన్ నడుస్తోందా లేదా, అంతే మనకి కావాల్సింది.

ఇక్కడ గాలి విపరీతంగా ఉంది. కిటికీ అద్దం ఒకటి పగిలింది.

ఇరవై ఎనిమిదిన ఆ సున్నాలో నువ్వే నిలబడాలా? చీఫ్ గారు నిలబడకూడదా? ఈ కాలంలో కూడా ఇలాంటి ఆచారాలేమిటి? ఒంట్లో బాలేదని చెప్పి ఇంట్లో ఉండిపోరాదూ?

తమ్ముడు


ఇల్లు
ఫిబ్రవరి 10

తమ్ముడూ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను అంకె గురించి అడిగితే నువ్వు సున్నా గురించి ఎందుకు మాట్లాడావు?

అటక మీద గున్న అట్టపెట్టెలన్నీ అలాగే ఉన్నాయి. నిన్న దింపించాను. లెక్కలు చేసే చిప్పు వచ్చిన చిన్న పెట్టె మీద అచ్చు వేసి ఉంది, ముప్పై ఎనిమిది. అటూ ఇటూ అవడం కాదు. ఎవరో నలభై ఏడు చేశారు. ఈ ఇంట్లో ఆ పేజీ తెరవడం నాకు మొన్నటిదాకా తెలీదు, మీ బావకి ఎప్పటికీ తెలీదు.

ఊగే లెక్క పక్కన పెట్టేశాను. చీఫ్ దగ్గర గడువు అడిగి నాలుగు మాటలు పడ్డాను. నిన్న పొద్దున్న వంతెన అసలు లెక్క ముప్పై ఎనిమిది మీద మొదటి నుంచీ పెట్టాను. పన్నెండు రోజులు. ఇరవయ్యొకటిన తేలుతుంది. పరీక్ష ఇరవై ఎనిమిదిన. అప్పటిదాకా ఆఫీసులో ఎవరి మొహంలోకీ చూడలేను. ఆ వంతెన ఆసుపత్రికీ బస్టాండుకీ మధ్య. చంకలో కర్రలు పెట్టుకున్నవాళ్ళు, బిడ్డల్ని ఎత్తుకున్నవాళ్ళు దాటతారు దాని మీద.

నాకు ఒక్కదానికి జవాబు రాయి. నలభై ఏడు నువ్వు పెట్టావా? కోపం లేదని రాయను. ఉంది. అయినా రాయి.

అక్క


వాతావరణ కేంద్రం, పరికరాల గది
ఫిబ్రవరి 14

అక్కా,

నేనే పెట్టాను.

ఈ రెండు మాటలు రాసేసరికి జీపు వెళ్ళిపోయింది. డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి "ఉత్తరం ఉందా" అని అడిగాడు. లేదన్నాను. మింగలేక కక్కలేక కూర్చున్నాను. మిగతాది శుక్రవారానికి రాస్తాను.

ఫిబ్రవరి 17

జీపు రాలేదు. కింద మలుపు దగ్గర కొండచరియ జారిందట, రోడ్డు తెరవడానికి వారమైనా పడుతుందని రేడియోలో చెప్పారు. మంగళవారమే ఇచ్చి ఉంటే ఈపాటికి నీ చేతిలో ఉండేది.

జరిగింది చెప్తాను. ఇక్కడికి వచ్చేముందు మూడు రోజులు మీ ఇంట్లో ఉన్నాను కదా. ఆఖరి పూట నువ్వు ఆఫీసుకి వెళ్ళాక వేగం పెంచాను. ఇరవై రోజుల పని పదహారు రోజుల్లో అయిపోతే అక్క ఆశ్చర్యపోతుందని, అప్పుడు చెప్పి మురిపిద్దామని. పెంచాక ఒక రోజంతా కష్టమైన లెక్కలిచ్చి పరీక్ష చెయ్యాలి. బస్సు టైమైంది. ఇరవై నిమిషాలు చూసి, బానే ఉందనుకుని మూత బిగించేశాను.

నీకు తెలియాల్సింది ఇది. వేగం పెంచిన మెషీన్ ఆగిపోతే అదృష్టం. ఆగకుండా, చక్కగా నడుస్తూ, ఎక్కడో ఒకచోట తప్పు అంకె ఇచ్చేస్తేనే ప్రమాదం. తెర మీద తేడా ఏమీ కనపడదు. నీ లెక్కలో అలా జారిందో లేదో నాకు తెలీదు. జారి ఉండొచ్చు. నువ్వు యాభై చేసినందుకు గున్న కూలబడింది కాబట్టి ఇదంతా బయటపడింది. లేకపోతే నువ్వు వెళ్ళి ఆ సున్నాలో నిలబడేదానివి.

మొదటి ఉత్తరంలో నలభై ఏడు అన్న అంకె చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది. అయినా చెప్పలేదు. ఈ ఏడాదే నన్ను పర్మినెంటు చెయ్యాలి. పరికరాలు చూసే మనిషే మెషీన్ పాడుచేశాడని మీ ఆఫీసు నుంచి ఇక్కడి పెద్దాయనకి ఒక్క కాగితం వస్తే అంతే సంగతులు. అందుకని నిన్ను ఒంట్లో బాలేదని ఇంట్లో ఉండమన్నాను. నువ్వు కాకపోతే ఇంకెవరో నిలబడతారని తెలిసే రాశాను. అది రాసినందుకు నాకు నా మీదే అసహ్యంగా ఉంది.

నాన్న ఇత్తడి రాయి గుర్తుకొస్తోంది అక్కా. కొట్లలో తూకాలు సరిచూడ్డానికి ఆయనకి ఆఫీసువాళ్ళిచ్చిన కిలో రాయి. అది తళతళలాడితే నాన్న సంతోషిస్తారని గరుకు కాగితం పెట్టి పూటంతా రుద్దాను. అరిగి బరువు తగ్గింది. ఆ రాయితో నాన్న పదకొండు కొట్లు సరిచూసి వచ్చాక తెలిసింది. నువ్వు "నేనే రుద్దాను" అన్నావు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను, బయటికి రాలేదు. పది రోజులు నాన్న నీతో మాట్లాడలేదు. ఇప్పటికీ తలుపు వెనకే ఉన్నాను.

ఫిబ్రవరి 18

ఆకులు పట్టుకున్నాను, చేతులు కాలాకే అయినా. రోడ్డు లేకపోతే కాలిబాట ఉంది, కింది ఊరి పోస్టాఫీసుకి పద్నాలుగు కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరుతున్నాను. మీ చీఫ్ గారికి విడిగా ఒక కవరు పెట్టాను, వేగం పెంచింది నేనని, ఏ రోజు, ఎంత, ఎందుకు అన్నీ రాసి సంతకం చేశాను. కవరు అంటించలేదు. ఇవ్వడమా చింపడమా నీ ఇష్టం.

సున్నాలో నిలబడకు. ఎవర్నీ నిలబడనివ్వకు.

తమ్ముడు


ఇల్లు, వీధి వైపు గది
ఫిబ్రవరి 28

తమ్ముడూ,

ఇది పరీక్ష అయిపోయాక రాస్తున్నాను. జరిగింది వరసగా చెప్తాను.

లెక్క ఇరవయ్యొకటిన తేలింది. వంతెనని వేలాడదీసిన కడ్డీలు ఇరవై నాలుగు. ఇరవై మూడింటికి అప్పుడూ ఇప్పుడూ ఒకే అంకె. ఏడో కడ్డీకి మాత్రం తేడా. అది మోయగలిగింది నూరు అనుకుంటే, దాని మీద పడే బరువు పాత లెక్కలో డెబ్బై ఒకటి. కొత్త లెక్కలో నూట తొమ్మిది.

ఆ కాగితం పట్టుకుని చీఫ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన నిదానంగా విని, "చూడమ్మా, నిక్షేపంగా ఉన్నప్పుడు చెప్పింది నమ్మాలా, చచ్చి బతికాక చెప్పింది నమ్మాలా? పాడైంది మొన్న కదా, పాత లెక్కకేం?" అన్నారు. ఆయన మాట సబబుగానే ఉంది. నలభై ఏడు గురించి చెప్పొచ్చు, కానీ నువ్వు ఒప్పుకోలేదు, అట్టపెట్టె తప్ప నా చేతిలో ఏ ఆధారమూ లేదు. రెండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

ఇరవై మూడున నీ ఉత్తరం వచ్చింది, కవరు మీద బురద వేలిముద్రలతో. చీఫ్‌కి రాసిన కవరు అంటించలేదన్నావు కదా. అక్క చింపేస్తుందని ఎక్కడో ఆశపడ్డావు. కాదనకు. నా చేతులు కూడా దాని మీదికే వెళ్ళాయి.

చింపలేదు. ఇచ్చాను. ఏడో కడ్డీ ఒక్కటైనా చేత్తో లెక్కగట్టి సరిచూడకపోవడం నా తప్పని ఇంకో కాగితం రాసి, రెండూ కలిపి బల్ల మీద పెట్టాను. నాన్న ఆ పదకొండు కొట్లకీ మళ్ళీ నడిచి వెళ్ళి ప్రతి గుమ్మంలోనూ "నా రాయే తప్పు, మీది కాదు" అన్నారు చూడు, అదే చెప్పాను నేనూ. చీఫ్ రెండూ చదివారు. తర్వాత పరీక్ష ఆపలేదు, ఆచారం ఆపారు. రోడ్డు రెండు వైపులా మూయించి, వంతెన మీదగానీ కిందగానీ ఒక్క మనిషి లేకుండా, బస్తాలు క్రేనుతో పెట్టించారు. తెల్ల సున్నా మాత్రం అప్పటికే గీసేశారు.

సగం బరువుకి ఏమీ కాలేదు. జనం నా వైపు చూశారు. ముప్పావు దాటి చివరి బస్తాలు పడుతుండగా ఏడో కడ్డీ చివర నట్టు మర జారింది. పెద్ద చప్పుడేమీ కాదు, తలుపు గడియ పడ్డంత. వంతెన ఆ మూల జానెడు కిందికి వాలింది. అంచున ఉన్న బస్తా ఒకటి దొర్లి వచ్చి సున్నాలో పడి పగిలింది. గీత సగం ఇసుకలో కలిసిపోయింది. నేను నిలబడాల్సిన చోటు అది. రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. మీ బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన ఒక్క జోకు కూడా వెయ్యలేదు.

నా సంతకం ఆరు నెలలు చెల్లదన్నారు. సరే అన్నాను. నీ కాగితం నకలు ఒకటి మీ పెద్దాయనకి పంపుతారట. ఆపమని నేను అడగలేదు.

ఇత్తడి రాయి సంగతి ఒకటి నీకు తెలీదు. నువ్వే రుద్దావని నాన్నకి ఆ రోజే తెలుసు. నీ చొక్కా నిండా ఇత్తడి పొడి. పది రోజులు ఆయన నాతో మాట్లాడనిది రాయి పాడుచేసినందుకు కాదు, అబద్ధం చెప్పి నీ తప్పు నేను మోసినందుకు. పదకొండో రోజున పిలిచి, "వాడికి నువ్వు చేసింది సాయం కాదమ్మా" అన్నారు. నీకు చెప్పొద్దన్నారు, వాడంతట వాడు వచ్చి చెప్తాడని. ఆయన పోయేదాకా ఎదురుచూశారు. ఇన్నేళ్ళు నేనూ చెప్పలేదు.

అందుకే ఈసారి మొయ్యలేదు. నీ మీద ప్రేమ తగ్గి కాదు.

నీ అక్క


వాతావరణ కేంద్రం
మార్చి 7

అక్కా,

నాన్నకి తెలుసన్న చోట ఉత్తరం మడిచేసి బయటికి వెళ్ళిపోయాను. మళ్ళీ తెరవడానికి సాయంత్రమైంది. తలుపు వెనక నేనుండటం ఆయన చూస్తూనే ఉన్నారన్నమాట.

మీ ఆఫీసు కాగితం రాకముందే మా పెద్దాయన గదికి వెళ్ళాను. వేగం సంగతి చెప్పాను. ఆయన విని, "ఇక్కడ కూడా ఇలాంటి చేతి చలవ ఏమైనా చూపించావా?" అని అడిగారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చూపించాను అక్కా. గాలి వేగం రాసే ముల్లుకి ఇంకా నాజూకైన స్ప్రింగు వేశాను. వాన కొలిచే గరాటా అంచు సాపు చేశాను. చలి కొలిచే పెట్టెకి గాలి బాగా ఆడుతుందని రెండు చిల్లులు పెట్టాను. అన్నీ బాగుచేద్దామనే. ఎవరికీ చెప్పలేదు.

మూడూ ఆయనకి చూపించాను. ఐదు నెలల రీడింగుల మీద ఎర్ర సిరాతో అడ్డగీతలు పడ్డాయి. గీతలు నా చేతే కొట్టించారు. పదకొండు కొట్లు తిరగడం ఎలా ఉంటుందో నాకు మూడో పరికరానికే తెలిసింది.

పర్మినెంటు ఈ ఏడాది లేదు. వచ్చే ఏడాది చూద్దాం అన్నారు. పంపించెయ్యలేదు, అదే ఎక్కువ. రాత్రుళ్ళు నిద్ర పడుతోంది.

కవరు చింపనందుకు కోపం వచ్చింది. ఒక పూట ఉంది. తర్వాత పోయింది.

తమ్ముడు


ఇల్లు, వీధి వైపు గది
ఏప్రిల్ 25

తమ్ముడూ,

ఏడో కడ్డీ మార్చారు. ఈసారి లెక్క ఆఫీసు మెషీన్ మీద ఒకసారి, గున్న మీద ముప్పై ఎనిమిదితో ఒకసారి, ఆపైన చేత్తో కాగితం మీద ఒకసారి కట్టాను. నలభై ఆరు పేజీలు. నా వేలి మీద స్కూలు రోజుల నాటి కాయ మళ్ళీ వచ్చింది.

మళ్ళీ బరువు పరీక్ష మే పన్నెండున. రిపోర్టు మీద సంతకం వేరేవాళ్ళది. కానీ చీఫ్ పిలిచి, "లెక్క నీది కాబట్టి సున్నా నీదే, నిలబడతావా?" అని అడిగారు. మీ బావ వద్దంటే వద్దంటున్నాడు, అన్నం దగ్గర కూడా అదే పాట. నాకూ భయంగానే ఉంది. పగిలిన బస్తా కలలోకి వస్తోంది. అయినా నిలబడతానన్నాను.

సున్నా గీసే మనిషితో మాట్లాడాను. ఈసారి కాస్త పెద్దది గియ్యమన్నాను, ఇద్దరు పట్టేంత. రావాలని లేదు. వస్తే చోటుంటుంది.

నీ అక్క


వాతావరణ కేంద్రం
మే 2

అక్కా,

సెలవు అడిగాను, ఎందుకో చెప్పాను, ఇచ్చారు. పదకొండో తేదీ మధ్యాహ్నానికి వస్తాను. జీపు లేకపోతే కాలిబాట ఎలాగూ అలవాటే.

ఏడో కడ్డీ కొత్త అంకె ఎంతో నువ్వు రాయలేదు. రాయకు, నేనడగను. నువ్వు కట్టావు, అది చాలు నాకు, నీ పక్కన నిలబడతాను. బావగారికి కూడా ఈ ముక్కే చెప్పు.

నేను వచ్చేలోపు గున్నని మాత్రం లోపలి గదిలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి నాకు ఇవ్వకు.

తమ్ముడు